వందేళ్ళ కంపెనీ

నవంబరు 19, ఆదివారం, మధ్యాహ్న భోజనం. కెనడా, బర్నబీలో మా అమ్మాయి ఇల్లు. ఉన్నవారు: నేను, మా ఆవిడ, మా అమ్మాయి, కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండే కరీంనగర్ పిల్ల. ఉదయం నుంచి వాన.

ఆ రోజు డైరీలో మొదట రాసుకున్నది ఇంతే. భోజనానికి కారణం కూడా రాసి ఉండాల్సింది. ఆ పిల్ల ఇక్కడే కాలేజీలో రెండేళ్ళు యానిమేషన్ చదివి, ఒక అమెరికన్ సినిమా స్టూడియో వాళ్ళ బర్నబీ ఆఫీసులో అయిదు నెలలుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. శుక్రవారం పర్మనెంట్ లెటర్ చేతికొచ్చింది. అందుకని మా ఆవిడ పాయసం చేసింది.

అదే స్టూడియో మద్రాసు బ్రాంచిలో నేను ఇరవై ఎనిమిదేళ్ళు బుకింగ్ క్లర్కుగా చేశాను. వాళ్ళ ఇంగ్లీషు సినిమాలను నెల్లూరుకు, గుంటూరుకు, విశాఖకు పంపడం నా పని. సినిమా రీళ్ళున్న రేకు పెట్టెలు రైలెక్కేవి, వారం ఆడి తిరిగొచ్చేవి. నా సర్వీసులో ఆ స్టూడియో మూడుసార్లు చేతులు మారింది. స్థాపించినవాళ్ళ కుటుంబం నుంచి ఒక టైర్ల కంపెనీకి, వాళ్ళ నుంచి హోటళ్ళ యజమానికి, ఆయన నుంచి ఒక సారా కంపెనీకి. సినిమా మొదట్లో తెర మీద పడే కంపెనీ బొమ్మ మాత్రం ఎప్పుడూ మారలేదు. చూసేవాళ్ళకు అది ఒకటే కంపెనీ.

లోపల ఉన్న మాకు మూడు గుర్తులు తెలుసు. ముందు ఎవరో కొత్త మనిషి వచ్చి పెట్టెలు లెక్కపెట్టి, ఒక్కోదానికి చీటీ అంటించి వెళ్ళేవాడు. తర్వాత పైనుంచి సర్క్యులర్ వచ్చేది, ఏమీ మారదు, నిశ్చింతగా పనిచేసుకోండి అని. ఆ తర్వాత అందరికీ ఒక బహుమతి. మొదటిసారి గోడ గడియారం, రెండోసారి టిఫిన్ క్యారియర్, మూడోసారి బ్రీఫ్‌కేసు. బహుమతి అందిన పదిహేను రోజుల్లోపే మాలో కొందరి కుర్చీలు ఖాళీ అయ్యేవి. పదకొండుమందిమి ఉండేవాళ్ళం, చివరికి నలుగురం మిగిలాం. మూడుసార్లూ తేదీలతో డైరీల్లో ఉంది.

అక్టోబరులో ఒక సాయంత్రం ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది, ఆఫీసులో ఎవరో వచ్చి కుర్చీల కింద కూడా స్టిక్కర్లు అంటిస్తున్నారని. రాసుకున్నాను. నవంబరు మొదట్లో మరో మాట చెప్పింది. అమెరికా నుంచి పెద్దవాళ్ళు మెయిల్ పంపారట, పేపర్లలో వచ్చేవి నమ్మొద్దని, మన టీముల్లో ఏమీ మారదని. అదీ రాసుకున్నాను. రెండే కదా, మూడోది చూసి చెబుదాం అనుకున్నాను. ఏదీ తేలకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు.

ఆదివారం ఆ పిల్ల మెట్లెక్కి వచ్చేసరికి ఒంటిమీద కొత్త జాకెట్ ఉంది. ఛాతీ మీద స్టూడియో గుర్తు, దారంతో కుట్టింది.

"బాగుందా ఆంటీ? మొన్న అందరికి ఇచ్చిండ్రు. ఫ్రీ."

"మెత్తగా ఉందమ్మా. పాయసం ఒలకబోసుకోకు," అంది మా ఆవిడ.

మూడోది, అనుకున్నాను.

ఆ పిల్ల వర్క్ పర్మిట్‌కు ఇంకా ఎనిమిది నెలలే మిగిలాయి. పర్మనెంట్ రెసిడెన్సీకి ఏడాది పని చూపించాలి, ఇంకా ఏడు నెలలు తక్కువ. మధ్యలో రెండు నెలలు ఖాళీగా ఉంటే అంతే సంగతులు. అప్పట్లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. కాఫీ కొట్టులో ఒక ఖాళీ ఉందంటే బయట వీధి చివరిదాకా వరుస ఉండేది.

"కాల్గరీ వాళ్ళకు ఇయ్యాల ఆన్సర్ ఇయ్యాలె," అంది ఫోన్ తీస్తూ. ఆ ఊళ్ళో బోర్డులు, ప్రకటనలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తామంది. "నో చెప్పేస్తున్నా. అంకుల్, మీరేమంటరు? మీరు ఇదే కంపెనీల చేసిండ్రు కదా."

నేను చెంచా కింద పెట్టాను.

"నాన్నా, ఇప్పుడు డైరీ తియ్యకు. లేకపోతే డెబ్బై ఒకటి నుంచి మొదలవుతుంది, రేపటికి గానీ అవదు," అంది మా అమ్మాయి. అందరూ నవ్వారు.

"శుభమా అని పిల్ల అడుగుతుంటే ఆ మొహమేంటండీ. మంచి మాట అనండి," అంది మా ఆవిడ, నా వైపు చూడకుండానే.

మా ఇంట్లో అది కట్టుబాటు. తీపి వడ్డించిన చోట చెడు మాట అనకూడదు. పెళ్ళిచూపుల్లోనూ ఇంతే, ఇల్లు కొన్నప్పుడూ ఇంతే. ఏమైనా ఉంటే మర్నాడు చెప్పుకోవాలి.

"పాత కంపెనీ అమ్మా. వందేళ్ళ నుంచి ఉంది," అన్నాను.

అబద్ధం కాదు. ఆ పిల్ల తలూపి, ఎడమచేత్తో టైప్ చేసి పంపేసింది. ఫోన్ చిన్నగా చప్పుడు చేసింది. మా ఆవిడ మరో గరిటె పాయసం వేసింది.

మర్నాడు, సోమవారం. ఏడుంపావుకు ఆ పిల్ల జాకెట్ వేసుకుని వెళ్ళింది. ఆమెను పిలవాలని కిటికీ దాకా వెళ్ళాను. అప్పటికే బస్‌స్టాప్ దగ్గర గొడుగుల్లో కలిసిపోయింది. సాయంత్రం చెబుదాం అనుకున్నాను.

తొమ్మిదిన్నరకే తలుపు చప్పుడైంది. తెరవని లంచ్ బాక్సుతో గుమ్మంలో నిలబడి ఉంది.

"కార్డు పనిచెయ్యలే అంకుల్. గేటు కాడ సెక్యూరిటీ ఆయన ఈ కాగితం ఇచ్చిండు. మా ఫ్లోర్ అంత గంతే."

కాగితం పైన నాకు తెలియని కంపెనీ పేరు ఉంది, దాని కింద చిన్న అక్షరాల్లో స్టూడియో పేరు. కాల్గరీకి బస్సులోంచే ఫోన్ చేసిందట. వేరే ఒకరికి ఇచ్చేశాం, థాంక్యూ అన్నారట.

అల్మారాలోంచి ఆ ఏడాది డైరీ తీసి చేతికిచ్చాను. ఆమె షూస్ విప్పకుండానే అక్టోబరు పేజీ చదివింది, నవంబరు చదివింది, నిన్నటిది చదివింది. స్టిక్కర్లు, మెయిల్, జాకెట్. మూడింటి పక్కనా టిక్కులు పెట్టి ఉన్నాయి.

"నిన్న మనం తినేటప్పుడు ఇదెక్కడ ఉండె అంకుల్?"

"ఈ అల్మారాలోనే," అన్నాను.