మా అన్నయ్య పిట్టల తుపాకి బాగుచేశాను

నా బొటనవేలికి ఈ కట్టేమిటని పది రోజుల నుంచి అడిగినవాళ్ళందరికీ మిషన్ సూది దిగిందని చెబుతున్నాను. టైలరుకి సూది దిగిందంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. "అయ్యో, టీటీ వేయించుకున్నారా?" అని, అక్కణ్ణుంచి సరాసరి జాకెట్టు కొలతల్లోకి వెళ్ళిపోతారు. మీరు నా వాళ్ళు, పైగా టీ కూడా మీరే తెప్పించారు కాబట్టి నిజం చెప్తాను. వేలు పగిలింది సూది వల్ల కాదు. తుపాకి వల్ల.

నవ్వకండి. పోలీసు తుపాకి కాదు. ఎయిర్ గన్. మా చిన్నప్పుడు పిట్టల తుపాకి అనేవాళ్ళం. సైకిల్ షాపులో దొరికే చిన్న బేరింగు గుళ్ళు వేసి, కింద మీట లాగి, ట్రిగ్గర్ నొక్కితే టప్‌మని వెళ్ళేవి. మా అన్నయ్యకి పదేళ్ళు నిండినప్పుడు మా నాన్న విజయవాడ నుంచి తెచ్చాడు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాకేం తెచ్చాడని అడగండి. రిబ్బన్లు.

నాకు దాంతో పిట్టల్ని కొట్టాలని లేదండీ. లోపల ఏముందో చూడాలి. మందు లేదు, నిప్పు లేదు, మరి గుండు ఎలా వెళ్తోంది? అదీ నా బాధ. ఓ మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే అర్ధరూపాయి బిళ్ళతో ఒక స్క్రూ విప్పాను. ఒక్కటే. తొంగి చూస్తే చీకటి. మళ్ళీ బిగించేశాను. తల తిప్పితే గుమ్మంలో అన్నయ్య. చూసి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకి తుపాకి పేలడం మానేసింది. మీట లాగితే వస్తోంది, ట్రిగ్గర్ నొక్కితే లోపల ఏదో మూలిగినట్టు చప్పుడు, గుండు మాత్రం రాదు. "ఎవరు ముట్టుకున్నారు?" అన్నాడు నాన్న. "పద్మ విప్పింది నాన్నా" అన్నాడు అన్నయ్య. విప్పిన మాట నిజమే కదా. రెండు అరచేతుల మీదా చెక్కస్కేలుతో పడ్డాయి. దెబ్బలదేముంది, పూటకి తగ్గిపోయాయి. ఆ తర్వాత ఇంట్లో రేడియో ఆగినా, గడియారం ఆగినా, చివరికి కరెంటు పోయినా, "పద్మ ఎక్కడుంది?" అనేవారు.

పదో తరగతి అయ్యాక నాకు పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. మెకానికల్. మా నాన్న ఆ కాగితం చదివి, మడిచి, "పిల్లల తుపాకినే నాశనం చేసింది, దీని చేతికి లేత్ మిషన్ ఇస్తారా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకంటే ఆ తుపాకిని నేనే పాడుచేశానని నేను కూడా నమ్మాను. ఏ మర వదులుగా బిగించానో, ఏ ముక్క కింద పడిందో చూసుకోలేదేమో అని ఎన్నిసార్లు తల్చుకున్నానో. ఆ వేసవిలోనే కుట్టు నేర్చుకోవడానికి పంపారు. అలా బందరులో టైలరునయ్యాను. నా షాపులో ఆరు మిషన్లున్నాయి. వాటికి మెకానిక్‌ని పిలిచి పదేళ్ళు దాటింది. అన్నీ నేనే విప్పుతాను, నేనే బిగిస్తాను. అయినా విప్పిన ప్రతిసారీ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది.

సరే, పోయిన నెల వదినకి జాకెట్లు ఇవ్వడానికి అవనిగడ్డ వెళ్ళాను. అన్నయ్యకి అక్కడ ఎరువుల కొట్టు. అరుగు మీద పాత ఇనుము కుప్ప పోసి ఉంది. అందులోంచి ఆ తుపాకి గొట్టం కనపడింది. చూడగానే గుర్తుపట్టాను.

"పాత సామాన్ల బండికి వేసేద్దామని తీశాం పద్మా. నీకేమన్నా కావాలా?" అంది వదిన.

"ఆ తుపాకి ఇవ్వు వదినా."

"అదెందుకే? తుప్పు తప్ప ఏముంది అందులో?"

నా మనసులో ఉన్నది ఒకటే. దాన్ని బాగుచేసి, తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టి, "చిన్నప్పుడు పాడుచేశాను, ఇప్పుడు బాగుచేశాను, చెల్లుకి చెల్లు" అనాలి. యాభై నాలుగేళ్ళ మనిషిని, ఇంకా క్షమాపణ బాకీ ఉన్నాననుకున్నాను. చూడండి నా తెలివి.

ఆదివారం షాపు మూసి కటింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. ఫోన్‌లో వీడియో పెట్టాను. ఒకాయన ఇంగ్లీషులో చెబుతూ ఇలాంటిదే విప్పుతున్నాడు. మా ఆయన పక్కన పేపరు చదువుకుంటూ "ఆ గోల తగ్గించు" అన్నారని సౌండ్ తీసేసి చూశాను. స్ప్రింగుతో జాగ్రత్త, స్ప్రింగుతో జాగ్రత్త అని ఆయన మూడుసార్లు చెప్పాడట. తర్వాత సౌండ్ పెట్టుకుని విన్నాను. అప్పటికే కట్టు కట్టించుకుని ఉన్నాను.

స్క్రూలకి కిరసనాయిలు పోసి గంట నాననిచ్చాను. మూడు మామూలుగానే వచ్చాయి. వెనక బిరడాలాంటిది ఒకటి ఉంది, దాన్ని రెంచీతో తిప్పాను. ఇంకొంచెం తిప్పాను. లోపల మూరెడు స్ప్రింగుని నొక్కిపట్టి ఉంచింది అదేనని నాకేం తెలుసు? ఢామ్మని వచ్చింది. బిరడా బొటనవేలి గోరుని పట్టుకుపోయింది. స్ప్రింగు మా ఆయన పేపరుని చీల్చుకుని వెళ్ళి, హ్యాంగరుకి వేలాడుతున్న ఒక పట్టు జాకెట్టుని కొట్టి కింద పడింది. ఏళ్ళ తరబడి లోపల పేరుకున్న నల్ల గ్రీజంతా ఆ జాకెట్టు వీపు మీద. మగ్గం వర్క్ జాకెట్టు. మా వీధి చివరి టీచరుగారిది. సాయంత్రం వాళ్ళ మేనకోడలి ఎంగేజ్‌మెంటుకి వేసుకోవాలి.

మా ఆయన చిరిగిన పేపరు పట్టుకుని అలాగే కూర్చుని, "నాతో ఏమన్నా గొడవ ఉంటే నోటితో చెప్పొచ్చు కదా" అన్నారు.

ఆసుపత్రికి వెళ్ళొచ్చి, కట్టుకట్టిన చేత్తో ఆ జాకెట్టు వీపు ముక్క మార్చాను. మచ్చ పడ్డంత మేరా కత్తిరించేసి కిటికీ నెక్ పెట్టాను. టీచరుగారు వచ్చి చూసి, "నేను క్లోజ్డ్ నెక్ అన్నాను కదండీ" అన్నారు. "ఇప్పుడందరూ ఇదే వేస్తున్నారండీ" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూశారు, కట్టు వంక చూశారు, తీసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. రారు కూడా.

అంత జరిగాక మానెయ్యొచ్చు కదా. మర్నాడు మళ్ళీ కూర్చున్నాను. స్ప్రింగు బాగానే ఉంది. గాలి తోసే తోలు వాషరు ఎండిపోయి అప్పడంలా ఉంది. దాని బదులు పంపు స్టవ్ వాషరు సరిపోయింది. ఇక గొట్టం. లోపల ఏదో అడ్డం ఉంది. తుప్పనుకున్నాను. పుల్ల పెట్టి పొడిస్తే కదల్లేదు. వేడి చేస్తే వదులుతుందేమోనని ఇస్త్రీ పెట్టె బాగా కాల్చి గొట్టానికి ఆనించాను. కాసేపటికి చివరనుంచి తెల్లగా ఏదో కారింది. వాసన చూశాను. కొవ్వొత్తి.

గొట్టం మొదలుదాకా మైనం. మధ్యలో మూడు గుళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. మైనం దానంతట అది రాదు కదా. ఎవరో కరిగించి పోశారు. నేను విప్పిన స్క్రూ ఎక్కడో వెనకాల, ఈ గొట్టానికీ దానికీ సంబంధమే లేదు. ఇస్త్రీ పెట్టె కింద బల్లగుడ్డ మాడిన వాసన వస్తే లేచాను.

మొన్న ఆదివారం తుపాకి పాత దుప్పట్లో చుట్టుకుని అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి దాటేదాకా అనాల్సిన మాటలు వరసగా అనుకుంటూనే ఉన్నాను.

అన్నయ్య వరండాలో ఉన్నాడు. తుపాకి చూసి మురిసిపోయాడు. "ఓర్నీ, పనిచేస్తోందా?" అని గుండు వేసి, మీట లాగి, పెరట్లో కొబ్బరిబోండాం వైపు పెట్టి నొక్కాడు. కొత్త తోలు మెత్తబడాలని నేను ఆముదం కాస్త ధారాళంగానే పోశాను. లోపల గాలి నొక్కుకుని వేడెక్కితే ఆ నూనె అంటుకుంటుందట. అదీ తర్వాతే తెలిసింది. దీపావళి బాంబులా పేలింది. గొట్టంలోంచి పొగ. వదిన గ్యాస్ బండ అనుకుని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. రోజూ పెరట్లో పడే కోతులు గోడ దూకి పారిపోయాయి. గుండు ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలీదు. బోండాం మాత్రం అక్కడే ఉంది.

పొగ తగ్గాక అడిగాను. "అన్నయ్యా, గొట్టంలో మైనం ఎవరు పోశారు?"

"ఓ, అదా. నేనే."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, కరెంటు బిల్లు ఎవరు కట్టారంటే చెప్పినట్టు.

"నాన్న రోజూ కాలవగట్టుకి తీసుకెళ్ళి కొంగల్ని కొట్టమనేవాడు కదే. ఒకసారి ఒకటి సగం చచ్చి నీళ్ళలో కొట్టుకుంది. నాకు రెండ్రోజులు అన్నం సయించలేదు. వద్దంటే నాన్న ఆడంగివాడంటాడు. అందుకని కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి తీసి కరిగించి పోశాను. అప్పుడే నువ్వు విప్పావు కదా, కలిసొచ్చింది." నవ్వాడు.

"నాకు దెబ్బలు పడ్డాయి."

"పడ్డాయా? నాకు గుర్తు లేదే."

"పాలిటెక్నిక్‌కి పంపలేదు."

"దానికీ దీనికీ ఏం సంబంధం పద్మా?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడుగుతున్నాడు. ఆ మొహం చూస్తే పదేళ్ళ పిల్లాడు, కొంగ కోసం అన్నం మానేసినవాడు కనపడ్డాడు. వాడి మీద కోపం రావట్లేదు. ఎదురుగా కూర్చున్న ఈ యాభై ఆరేళ్ళాయన మీద మాత్రం పీకలదాకా ఉంది. ఇద్దర్నీ విడదీసి తిట్టడం నాకు చేతకాలేదు.

ఈలోగా అన్నయ్య తుపాకి తిప్పి చూసుకుంటూ, "ఇది ఇక్కడే ఉంచెయ్యి. కోతులు ఎలా పారిపోయాయో చూశావుగా" అన్నాడు. పాత సామాన్ల బండికి వేసేద్దామనుకున్నదాన్ని. ఉంచేసి వచ్చాను కూడా.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"తనే పోశానన్నాడు. దెబ్బల సంగతి గుర్తు లేదన్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

బస్సులో అనుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. కానీ అప్పటికి వదిన విస్తళ్ళు వేసేసింది, రొయ్యల ఇగురు వడ్డించేసింది, నేను కూర్చుని తినేస్తున్నాను.

"నేనా?" అన్నాను. "చారు పొయ్యమన్నాను."