చెప్పులు విడిచి దిగే తోట

సీమ కరువేలంతో నేను పడ్డ పాట్లు చెప్పాలంటే ముందు మా అత్త కాళ్ల సంగతి చెప్పాలి. ఆమె మా నాన్న చెల్లెలు, నా మొగుడు ఆమె కొడుకు. ఊహ తెలిసినప్పటి నుంచీ అత్తే కాబట్టి, కోడలినై వచ్చాక కొత్తగా బెదరాల్సిందేమీ లేకపోయింది. పోట్లాడుకోవడానికి మాత్రం తీరిక దొరికింది.

తమిళనాట కోవిల్‌పట్టి పొలిమేరలో మా ఇల్లు. వెనక పెరడంతా నల్లరేగడి. పెరట్లోకి దిగేటప్పుడు ఎవరైనా చెప్పులు వేసుకుంటారు, మా అత్త విడుస్తుంది. మా వాళ్లలో పెద్దతరం అంతా ఇంతే. పొలం గట్టు మీద చెప్పులు వదిలి, మన్ను తాకి కళ్లకద్దుకుని మరీ దిగుతారు. పొలం కౌలుకిచ్చేసినా ఆమెకు ఆ అలవాటు పోలేదు. కాసిని వంగ మొక్కలు, మిరప, గోరుచిక్కుడు, గోడ వెంట కనకాంబరాలు, ఇప్పుడదే ఆమె పొలం.

"తడి ఉండాదా లేదా అని నా కాలే చెప్తాది అమ్మాయ్. నీ సెల్లు చెప్తాదా?" అని నన్ను దెప్పేది. ఆ మధ్య నీళ్లెక్కువై మిరప కుళ్లిపోతుంటే, వయసైంది పాపం, మరచిపోయి రెండుసార్లు పోస్తోంది కాబోలు అనుకున్నాను.

గోడ అవతలి ఖాళీ స్థలం నుంచి సీమ కరువేలం మా తోటలోకి జొరబడింది. ఆంధ్రావాళ్లు సర్కారు తుమ్మ అంటారే, అదే. కొడితే చస్తుందా దరిద్రగొట్టుది! నరికిన చోటే గుంపుగా చిగురేస్తుంది. ఒకనాటి పొద్దున అత్త గది నేల మీద వరసగా నెత్తురు మరకలు. అరికాలు తిప్పి చూస్తే ముల్లు విరిగి లోపలే ఉంది. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకే తెలియదు. షుగరు మనిషి. పుండు మానేదాకా విరుదునగర్ డాక్టరు దగ్గరికి బస్సుల్లో తిరిగి తిరిగి మా తల ప్రాణం తోకకొచ్చింది. "ఇంకోసారి ఇట్లా వస్తే కాలు దక్కదు" అన్నాడు డాక్టరు. మా బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తిరిగొస్తూ అక్కడి బజారులోనే మెత్తటి చెప్పులు కొన్నాడు.

"తోట్టంలోకి పోతే ఇవి ఏసుకో అమ్మా. లేదంటే పెరడంతా సిమెంటు పోయిస్తా" అన్నాడు ఇంటికి రాగానే.

"మన్నులో చెప్పులా? పోరా!" అంది అత్త. చెప్పుల డబ్బా మంచం కిందికి పోయింది.

తల్లీకొడుకులు ఇద్దరూ ఇద్దరే. మధ్యలో నేను దూరాను. "ముల్లే లేకుంటే సిమెంటు ఏంటికి బావా? ఐప్పసి నెల వానలు పడే లోపల ఒక్కటి మిగలకుండా పీకుతాను, చూస్తా ఉండు" అన్నాను. సరేనన్నాడు, నా మీద నమ్మకం లేకుండానే.

ఇక నా తిప్పలు చూడాలి. నరికితే లాభం లేదు, తవ్వాలి. మొదలు కింద గడ్డలా ఉంటుంది, అది కాస్త మిగిలినా మళ్లీ లేస్తుంది. ఎండకు ఇనుములా బిగిసిన రేగడిలో గడ్డపార దించితే భుజాలు ఊడొచ్చేవి. అత్త వెనక గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఆజ్ఞలిచ్చేది.

"ఇంకా లోపలికి పో అమ్మాయ్. నా కొడుకు మీద అరిచేటప్పుడు వచ్చే బలమంతా ఏమాయె?"

"అత్తా, నువ్వు వాయి మూసుకుని కాఫీ తాగు!"

కడుపు పట్టుకుని నవ్వేది మహాతల్లి. ఆ నవ్వు కోసం ఇంకో గుంట తవ్వేదాన్ని, నిజం.

ఆఖరి గడ్డ కూడా పెకలించాక, తిరగబడ్డ మన్ను చూసి అత్తకు ఆశ పుట్టింది. "ఒక రేయి కిడ పెట్టిస్తే బంగారమయితాది" అంది. మేకల మందను రాత్రంతా నేల మీద నిలిపి ఎరువు వేయించుకోవడాన్ని మావాళ్లు కిడ అంటారు. పొలాల్లో చేసే పని అది, ఇంటి పెరట్లో ఎవరూ చేయరు. ఎందుకు చేయరని ఆలోచించే బుద్ధి నాకూ పుట్టలేదు, ఎగిరి గంతేశాను. మందవాణ్ణి బతిమాలి సాయంత్రానికి మేకల్ని తోలించాను. వీధివీధంతా నోరు తెరుచుకు చూసింది. తీగ మీద ఆరేసిన నా రవికెను ఒక మేక సగం నమిలేసింది. తెల్లారి చూస్తే పెరడంతా పెంటికలు. రేగడి ఊళ్లలో పుట్టినవాళ్లం కదా, అత్తాకోడళ్లం ఆ వాసనకే మురిసిపోయాం.

వానలు పడ్డాయి. వెలిసిన పొద్దున తోటంతా సన్నగా పచ్చబడింది. ఉత్సాహంగా వంగి చూశాను. సీమ కరువేలం! ఎక్కడ చూసినా అదే. ఎండాకాలమంతా ఆ మేకలు మేసింది దాని కాయలే. గింజ వాటి కడుపులో అరగదు. పొలంలోనైతే మొలకల్ని అరక దున్నేసేది, ఇక్కడ అరక ఎక్కడిది? పిలిచి మరీ విత్తనం చల్లించుకున్నాం! నెత్తి కొట్టుకున్నాను. అత్త నవ్వబోయి ఆగిపోయింది. వెనక బావ నిలబడి ఉన్నాడు. మేస్త్రీకి ఫోను చేశాడు.

మర్నాడు ఇసుక ట్రాక్టరు వాకిట్లో ఆగింది. నేను దారికి అడ్డం నిలబడ్డాను.

"అత్తకు ఉండేది ఇదొక్కటే బావా!"

"నాకు ఉండేదీ మా అమ్మ ఒకతే" అన్నాడు. ఆ గొంతు విని నేను పక్కకు జరిగాను.

అంతలో లోపల మంచం కింద అట్టడబ్బా లాగిన చప్పుడైంది. చెప్పులు చేత పట్టుకుని అత్త వెనక గుమ్మం దాకా వచ్చింది. వంగి మన్ను తాకి కళ్లకద్దుకుంది. చెప్పులు వేసుకుని తోటలోకి దిగింది.

"ఇంక సిమెంటు ఏంటికి నాయినా?"

బావ గబగబా వాకిట్లోకి పోయి ట్రాక్టరును వెనక్కి పంపేశాడు. వచ్చేటప్పుడు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. లుంగీ ఎగగట్టి ఆ మూల నుంచి లేత మొక్కలు పీకడం మొదలుపెట్టాడు. తడి నేల, పట్టుకుంటే ఊడొస్తున్నాయి.

నేను అత్త పక్కన చేరి, "ఈ పని ముందే చేసి ఉంటే నా భుజాలు మిగిలేవి గదా, మొండిదానా!" అని కసిరాను.

ఆమె కొడుకు వైపు చూసి గొంతు తగ్గించింది. "చెప్పులు ఉండినా లేకున్నా ఒకటే అమ్మాయ్. మన్ను నా కాలికి తెలిసి చానా దినాలాయె. వానితో చెప్పొద్దు, భయపడతాడు."

మిరప ఎందుకు కుళ్లిందో, ముల్లు దిగినా ఆమె ఎందుకు ఉలకలేదో అప్పుడు అర్థమైంది నాకు.

"నువ్వు చూసి చెప్పు. సల్లగా ఉండాదా?" అంది.

కూర్చుని రెండు అరచేతులూ మట్టిలోకి నొక్కాను.

"సల్లగా ఉండాది అత్తా."