బిజిలీకి పాణం మంచిగ లేదంట

మా మట్టయ్య మామ తన మాటగా ఒక్క మాట కూడా చెప్పడు. ఏం చెప్పదలచుకున్నా గుర్రం చెప్పిందనే చెబుతాడు.

ఆ గుర్రం పేరు బిజిలీ. పేరు విని మెరుపును ఊహించుకోకండి. అది తెల్లటి ముసలి ఆడగుర్రం. గడ్డివాము దగ్గర బయల్దేరి నీళ్ల తొట్టి చేరేలోపు మనం ఒక కథ చదివేసి, దాని ముగింపు బాగుందో లేదో కూడా తేల్చుకోవచ్చు. అయినా ఆ ఇంట్లో తీర్పులన్నీ దానివే. కూరలో ఉప్పు తగ్గితే మామ కంచంలోకి చూస్తూ, "నేనంటలేను. ఉప్పు జర తక్కువైందని బిజిలీ అంటుంది" అంటాడు. కనకమ్మ అత్తమ్మ తల కూడా ఎత్తదు. "రేపటి సంది బిజిలీనే వండమను" అంటుంది. ఇంటికొచ్చిన బీమా ఏజెంటుకు పాలసీ వద్దన్నది బిజిలీయే. ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వచ్చిన ప్రతి పార్టీవాళ్లకూ, బిజిలీ ఇంకా ఆలోచిస్తోందనే జవాబు దొరికింది. వాళ్లలో ఒకాయన పోతూ పోతూ గుర్రం షెడ్డు వైపు తిరిగి దండం పెట్టి మరీ వెళ్లాడు.

మామది నల్లగొండ వైపు పల్లె. కొత్తపేటలో కిరాయి ఇంట్లో ఉంటూ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ఫంక్షన్ హాళ్లకు పెళ్లిగుర్రం నడిపేవాడు. ఇప్పుడు అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక కొంత మెట్ట చెలక కౌలుకు తీసుకుని, మరికొన్ని గుర్రాలను తెచ్చి, సెలవులకు వచ్చేవాళ్లకు స్వారీ నేర్పుతున్నాడు. పెళ్లిళ్లకు మాత్రం ఇప్పటికీ బిజిలీయే వెళ్తుంది.

నిజం చెప్పాలంటే పెళ్లిళ్లలో దానికి మంచి పేరు లేదు. కొత్తపేటలో ఒక బరాత్‌లో దానికి తలనొప్పి వచ్చింది. బడంగ్‌పేట్‌లో కళ్లు తిరిగాయి. ఇంకోచోట, బ్యాండు వాళ్లు వాయిస్తున్న పాట దాని మనసుకు పట్టలేదు. సరిగ్గా పెళ్లికొడుకు ఎక్కబోయే సమయానికి మామ దాని మూతి దగ్గర చెవి పెట్టి విని, "పాణం మంచిగ లేదంటుంది" అని ప్రకటించేవాడు. తర్వాత తిట్లు తినేవాడు. మా అమ్మకు ఈ గుర్రమంటే ఒళ్లుమంట. "పనిదొంగది. మా తమ్ముడు దాన్ని గారాబం జేసి ఖరాబు జేసిండు" అనేది. ఇన్నేళ్లుగా నేనూ అదే అనుకున్నాను.

ఎమ్మే పరీక్షలయ్యాక అమ్మ నన్ను ఒక వారం మామ దగ్గరికి పంపింది. పుస్తకంలోంచి తలెత్తి మనుషులతో నాలుగు మాటలు మాట్లాడటం అలవాటవుతుందని ఆమె ఆశ. నేను సంచి నిండా పుస్తకాలే తెచ్చుకున్నాను. పొద్దున్నే అందరూ స్వారీ నేర్చుకోవాలి, అది అక్కడి పద్ధతి. నా వంతు వచ్చేసరికి మామ బిజిలీ ముందుకాళ్లు తడిమి చూసేవాడు. "కోడలా, దీనికి మోకాళ్ల నొప్పులంట. నువ్వు జర మాలిష్ చేస్తే సాలంటుంది" అనేవాడు. నేను లోలోపల ఆ మోకాళ్లకు మొక్కుకుని బ్రష్ అందుకునేదాన్ని.

ఆ వారం నాతోపాటు నేర్చుకోవడానికి వచ్చినవాడు క్రాంతికుమార్. పోచంపల్లి వాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఆదివారం సాయంత్రం అతని పెళ్లి. పెళ్లి పెట్టుకుని ఇక్కడికి ఎందుకొచ్చాడంటే, కాబోయే మామగారు జానయ్య వల్ల. ఆయనకు లారీలున్నాయి, మీసాలున్నాయి, ఒక్కతే కూతురు ఉంది. అల్లుడు తెల్లగుర్రం మీదే రావాలని కాలనీ అంతటికీ చెప్పుకున్నాడు. ముహూర్తాలు జోరుగా ఉన్న నెల కావడంతో ఊళ్లో తెల్లగుర్రాలన్నీ అయిపోయి, చివరికి బిజిలీ మిగిలింది.

క్రాంతికుమార్‌కు గుర్రమంటే భయం. ఉత్త భయం కాదు. వాళ్ల అన్న బరాత్‌లో టపాసుల మోతకు గుర్రం బెదిరి వెనక్కాళ్ల మీద లేచింది. అన్న కింద పడి భుజం ఎముక విరిగింది. ఆ పెళ్లి ఆల్బమ్‌లో తలంబ్రాలు ఎడమచేత్తో పోస్తున్న పెళ్లికొడుకు ఉంటాడు. గుర్రం పక్కన నడుస్తూ ఆ గిట్టల కింద పడబోయి తప్పించుకున్నవాడు క్రాంతికుమార్. చీరల సరుకు కోసం తిరుగుతున్నానని ఇంట్లో అబద్ధం చెప్పి ఇక్కడికి వచ్చాడు.

మొదటిరోజు కంచె బయటే నిలబడి మామతో అన్నాడు. "కాకా, నేను ఎక్కకపోతే ఇజ్జత్ పోతది. మా మామ సచ్చేదాక గిదే ముచ్చట జెప్తడు. తన్మయి ముంగట..." ఆ మాట పూర్తి కాలేదు. తన్మయి పెళ్లికూతురు.

మామ బిజిలీని అడిగి వచ్చాడు. "తొందరేం లేదంటుంది, తమ్మీ. ముందుగాల్ల గడ్డెయ్యమంటుంది."

అలా మొదలైంది. అతను గడ్డి వేశాడు, చెయ్యి చాచినంత దూరం నుంచి. మర్నాడు నా పక్కన నిలబడి మాలిష్ చేశాడు. పట్టుచీర మడత సర్దినట్టు, ఒక్క వెంట్రుక కూడా నలక్కుండా. తర్వాత కళ్లెం పట్టుకుని నడిపించడం నేర్చుకున్నాడు. అది మాత్రం త్వరగానే వచ్చింది. బిజిలీ పక్కన అతను, ఇద్దరూ సమానమైన నిదానంతో చెలక చుట్టూ తిరుగుతుంటే, బజారులో చాలాసేపు బేరమాడి వస్తున్న పాత స్నేహితుల్లా ఉండేవారు. కానీ రికాబులో కాలు పెట్టేసరికి అతని ముఖం సున్నం కొట్టినట్టు అయ్యేది. గడ్డివాము మీద కూర్చుని నేను ఒకటే పేజీ పదే పదే చదివేదాన్ని.

శుక్రవారం ఎక్కాడు. మామ పట్టుకుని ఒక చుట్టు తిప్పాడు. దిగాక అతను నవ్వడం మొదటిసారి చూశాను. ఇక భయం లేదనుకున్నాం.

శనివారం మళ్లీ ఎక్కాడు. చెలక మధ్యకు వచ్చాడో లేదో, ఆవల సినిమా షూటింగులో ఏదో పేల్చారు. కిందున్న నేల అదిరింది. బిజిలీ ఒక చెవి అటు తిప్పి, మళ్లీ ఇటు తిప్పుకుంది. అంతే. క్రాంతికుమార్ మాత్రం దాని మెడను కౌగిలించుకుని బిగుసుకుపోయాడు. పిలిస్తే పలకడు. వేళ్లు విప్పుకోవడం లేదు. అత్తమ్మ నీళ్లచెంబు పట్టుకుని సగం దారిలో ఆగిపోయింది. మామ అతన్ని లాగలేదు, దిగమనలేదు. గుర్రం పక్కన నిలబడి గుర్రంతోనే మాట్లాడాడు. "బిజిలీ, తమ్మిని ఉన్నంతసేపు ఉండనియ్యి. నీకేం బరువు?" ఇంకేవేవో కబుర్లు చెప్పాడు. ఎంతసేపటికో ఆ వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.

క్రాంతికుమార్ దిగి, ఎవరి వైపూ చూడకుండా చెప్పులేసుకున్నాడు. గేటు దగ్గర ఆగాడు. "రేపు టపాసులు కాలుస్తరు కద, కాకా" అన్నాడు.

మామ బిజిలీ వైపు చూశాడు. బిజిలీ ఏమీ అనలేదు.

ఆదివారం పొద్దున బిజిలీ బకెట్టెడు ఉడికించిన ఉలవలు తిన్నది. చాలక నా పుస్తకం అట్ట కూడా కొంత తిన్నది. దాన్ని అద్దాల బట్టలతో, పూసలతో ముస్తాబు చేసి వ్యానులో ఎక్కించి ఎల్బీనగర్‌లో పెళ్లికొడుకు విడిదింటికి తీసుకెళ్లాం. పొద్దుగూకే వేళకు కాలనీ సందు నిండా జనం. బ్యాండు వాళ్లు డప్పులు వేడి చేస్తున్నారు. పిల్లలు రోడ్డు పొడుగునా టపాసుల లడీ పరిచారు. అల్లుణ్ణి తీసుకుపోవడానికి జానయ్యే స్వయంగా వచ్చి మీసం దువ్వుతూ నిలబడ్డాడు.

క్రాంతికుమార్ బయటికొచ్చాడు. తలపాగా నుంచి వేలాడుతున్న పూలదండలు ముఖాన్ని కప్పేశాయి. చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. నిన్న బిజిలీ మెడకు బిగుసుకుపోయిన చేతులే అవి. ముక్కాలిపీట మీద నిలబడి రికాబులో కాలు పెట్టాడు. జారింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ జారింది. బ్యాండు ఆగింది. ఎవరో ఫోను పైకెత్తారు. వెనక నుంచి ఒక గొంతు, "ఏందిరా, పెళ్లికొడుకు వణుకుతుండు?" అంది. ఇంకెవరో కిసుక్కున నవ్వారు. జానయ్య మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మామ ముందుకు వచ్చి బిజిలీ మూతి దగ్గర చెవి పెట్టాడు. తల ఊపుతూ విన్నాడు.

"ఆగుండ్రి. బిజిలీకి పాణం మంచిగ లేదంట. అదే వణుకుతుంది. మనిషిని మొయ్యలేనంటుంది."

ఇక చూడాలి. జానయ్య నోటికి ఆ సాయంత్రం అడ్డు లేకపోయింది. ఈ గుర్రం సంగతి ఊరంతా ముందే చెప్పిందనీ, వినకపోవడం తన తప్పేననీ, రోగం గుర్రాన్ని పెళ్లికి తోలుకొచ్చేవాడికి సిగ్గుండాలనీ అన్నాడు. ఇందాక నవ్విన గొంతులన్నీ ఇప్పుడు మామ మీద పడ్డాయి. పెళ్లికొడుకును చూస్తున్నవాడు ఒక్కడూ లేడు. మామ తలవంచుకుని జీను పట్టీ సర్దుతున్నాడు. "నేనేం జెయ్యాలె పటేలా, అది ఇప్పుడే అన్నది" అన్నాడు నెమ్మదిగా. మళ్లీ చెవి పెట్టాడు. "పెళ్లికొడుకు కళ్లెం వట్టుకుంటే నడుస్తనంటుంది. వేరేటోళ్లు వట్టుకుంటే రానంటుంది."

క్రాంతికుమార్ పూలదండలు పక్కకు తప్పించి మామ వైపు చూశాడు. కళ్లెం అందుకున్నాడు.

లడీ అంటుకుంది. నేను అత్తమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చెవులు పగిలే మోత, పొగ. పొగ తేలిపోయాక చూస్తే, బిజిలీ ఒక చెవి తిప్పుకుని నడుస్తోంది. క్రాంతికుమార్ దాని మెడ నిమురుతూ ఏదో చెబుతున్నాడు. భుజాలు బిగుసుకునే ఉన్నాయి కానీ కాళ్లు ఆగలేదు. దారి పక్కన ఆడవాళ్లు, పాపం జబ్బు గుర్రాన్ని పిల్లగాడు ఎంత మంచిగా నడిపిస్తున్నాడో అని మెచ్చుకున్నారు.

ఫంక్షన్ హాలుకు కొద్ది దూరంలో ఎదురుకోళ్లు, రెండువైపులవాళ్లూ ఎదురెదురుగా వచ్చి గులాలు చల్లుకునే వేడుక. తన్మయి అక్కచెల్లెళ్లతో, గులాలు పళ్లేలతో నిలబడి ఉంది. గుర్రం ఖాళీగా ఎందుకొస్తోందని అడిగింది. చెప్పారు. ఆమె గుర్రాన్ని చూసింది. కళ్లెం పట్టుకున్న క్రాంతికుమార్ చేతిని చూసింది. ఆ చెయ్యి ఇంకా కొంచెం వణుకుతోంది. తర్వాత మామ వైపు తిరిగింది.

"కాకా, ఎంత బరువైతే మోస్తదంట?"

మామ చెవి పెట్టి విన్నాడు. ఈసారి కొంచెం ఎక్కువసేపు విన్నాడు.

"నీ అంత అయితే మోస్తనంటుంది, బిడ్డా."

జానయ్య నోరు తెరిచేలోపే, మామ వెంట తెచ్చిన ముక్కాలిపీట తన్మయి ఎక్కేసింది. పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని పక్కకు తిరిగి కూర్చుంది. "చిన్నప్పటి సంది అనుకుంటున్న, ఎప్పుడూ మొగోళ్లనే ఎక్కిస్తరేందని" అంది. "క్రాంతీ, మెల్లగ నడిపియ్యి."

బ్యాండు వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, అంతకుముందు కంటే గట్టిగా అందుకున్నారు. జానయ్య కాసేపు అటూ ఇటూ చూశాడు. చివరికి మీసం దువ్వుకుని, ఫోటోగ్రాఫర్‌ను ఒక్కటి పొడిచాడు. "ఏం జూస్తున్నవ్, తియ్యి ఫోటో" అన్నాడు.

భోజనాల దగ్గర నేను అత్తమ్మ పక్కన కూర్చున్నాను. బిజిలీకి మందేమైనా వెయ్యాలా అని అడిగాను. అత్తమ్మ ముద్ద చేతిలో పట్టుకుని నన్ను జాలిగా చూసింది.

"ఇన్ని బుక్కులు సదివితివి గాని. దానికి పాణం బాగలేంది ఒక్కసారే, మామిడికాయ తొక్కు తిన్నప్పుడు. కడమ అన్నిసార్లు బాగలేంది పెళ్లికొడుకులకే. ఒగడు తాగి ఉండె. ఒగనికి లాగు చినిగె. భయమైనోళ్లయితే ఎంతమందో."

"మరి తిట్లన్నీ మామ ఎందుకు పడుతున్నడు?"

"ఎప్పుడో అడిగిన. పిల్లగాండ్లు జిందగీ అంత గది యాదికి తెచ్చుకుంట బాధపడ్తరు, నేనైతే గడ్డి తిని మర్సిపోతనని అన్నది."

"ఎవరు?"

"ఇంకెవరు, బిజిలీనే" అంది అత్తమ్మ, మళ్లీ అన్నం కలుపుకుంటూ.

వారమంతా నేను మాలిష్ చేసిన మోకాళ్లు గుర్తొచ్చాయి. అవే మోకాళ్లతో బిజిలీ శుక్రవారం క్రాంతికుమార్‌ను మోసింది. ఎక్కడానికి భయమని నేను మామకు ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఇంటికి బయల్దేరాలి. సంచి సర్దుకున్నాక షెడ్డు దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే మామ అలవాటుగా బిజిలీ ముందుకాళ్ల వైపు వంగబోయాడు.

"మామా, ఈరోజు మోకాళ్ల నొప్పులు లేవంట" అన్నాను.

మామ వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు. "నీకెవరు చెప్పిన్రు?"

"అదే చెప్పింది."

ఆయన బిజిలీ ముఖంలోకి కాసేపు అనుమానంగా చూశాడు. తనకు తెలియకుండా అది ఇంకొకరితో కూడా మాట్లాడుతోందని అప్పుడే తెలిసినట్టు. తర్వాత జీను తేవడానికి లోపలికి వెళ్లాడు.