ఆదిలాబాద్ మంచం, పంజాగుట్ట కుర్చీ

ఉదయం ఆరింటికి సూర్యాపేట బస్టాండులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు. పక్క సీటు పెద్దమ్మ కూర్చోగానే "ఏం పని చేస్తవ్ బిడ్డా?" అని అడిగింది. కిటికీ వైపు చూస్తూ "ఏదో, ఆసుపత్రిలో" అని నసిగాను.

ఎందుకు నసిగానో చెప్పాలి. నేను ఏళ్ళ తరబడి ఐసీయూ నర్సుని. రోగుల్ని ఎత్తీ దించీ నా నడుము పోయింది. ఇక బరువులెత్తితే మంచాన పడతావన్నాడు డాక్టరు. దాంతో మా ఆసుపత్రివాళ్ళు నన్ను బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. అక్కడ నాకు ఊపిరాడదు. అంతలో తెలిసింది, పంజాగుట్టలో ఒక సంస్థ దూరపు ఊళ్ళ ఐసీయూలను తెరల మీద కనిపెట్టుకుని ఉండే నర్సుల కోసం వెతుకుతోందని, ఈరోజే అందుకు పరీక్ష పెడుతోందని. కూర్చుని చేసే నర్సు పని! ఈ పరీక్షలో గట్టెక్కితే మళ్ళీ నర్సుని, లేకపోతే ఆ కౌంటరే గతి.

ఎల్బీనగర్‌లో దిగి మెట్రో పట్టుకున్నాను. పరీక్ష పదకొండింటికి. ఇంకా టైముంది కదా అని పంజాగుట్ట దాటి, తర్వాతి స్టేషను అమీర్‌పేటలో దిగాను, టిఫిన్ కోసం. తలెత్తితే బోర్డులే. సాఫ్ట్‌వేర్ కోర్సుల మధ్య ఇప్పుడు 'నర్సులకు జర్మన్' కూడా వచ్చి చేరింది. ఇడ్లీ బండి దగ్గర ఒక కుర్రాడు అదే భాష గొణుక్కుంటున్నాడు. పేరు ఇమ్రాన్, యూసుఫ్‌గూడలో రూము, అతనూ నర్సే.

"జర్మనీల నర్సు జాబ్ కోసం పొద్దుగాల జర్మన్ క్లాసు, సాయంత్రం పేషెంట్ల ఇండ్లకు పోయి డ్రెస్సింగ్ చేస్త. గిప్పుడు దవాఖానే ఇంటికి పోతుంది అక్కా," అన్నాడు. నా సంగతి చెప్పాను. "కుర్చీల కూసునే జాబా? మస్తు ఈజీ, ఫికర్ చెయ్యకు!"

ఆ ఈజీ ఏమిటో గంటలో తెలిసొచ్చింది.

మెట్రోలో ఒక స్టేషను వెనక్కి వచ్చి, ఆ ఆఫీసు చేరాను. మందుల వాసన లేదు, మంచాలు లేవు, గోడ నిండా తెరలు, వాటి ముందు కుర్చీల్లో నర్సులు. పద్మజగారని అక్కడి హెడ్ నర్సు, గుంటూరు ఆవిడ, నన్ను ఒక తెర ముందు కూర్చోబెట్టారు. తెరలో ఆదిలాబాద్ ఆసుపత్రి గది, మంచం మీద రబ్బరు రోగి, పక్కన ఒక చిన్న నర్సమ్మ. ఉన్నట్టుండి అలారం మోగింది.

తర్వాత ఏం చేశానో నాకే తెలియదు. తెలివొచ్చేసరికి తలుపు దగ్గర నిలబడి, గ్లౌజుల డబ్బా కోసం గోడ తడుముతున్నాను.

"ఏంటండీ, ఎక్కడికి? ఆ మంచం ఆదిలాబాద్‌లో ఉంది!" అన్నారు పద్మజగారు. గదంతా ఒకటే నవ్వు. నా పని అయిపోయిందనుకున్నాను.

"వచ్చి కూర్చోండి, మళ్ళీ చేద్దాం," అన్నారావిడ. ఈసారి నా పాదాలు రెండూ కుర్చీ కాళ్ళకు మెలేసుకున్నాను. అలారం మోగింది. ఆక్సిజన్ అంకె పడిపోతోంది. ఆ పిల్ల బిగుసుకుపోయింది.

"నీ పేరేంటమ్మా?" అని మైకులో అడిగాను.

"సుజాత అక్కా."

"సుజాతా, మంచం తలవైపు పైకి లేపు. ఇప్పుడు ఆక్సిజన్ గొట్టం వెంబడి చెయ్యి పోనివ్వు, నేను చూస్తున్నా."

"మంచం కింద మడతపడ్డదక్కా!"

ఆమె అక్కడ గొట్టం సరిచేస్తుంటే నా చేతులు ఇక్కడ గాలిలో సరిచేస్తున్నాయి. అంకె మెల్లగా పైకెక్కింది. రబ్బరు బొమ్మే అయినా ఎంత సంతోషం వేసిందో!

"సోమవారం నుంచి ట్రైనింగుకు రండి," అన్నారు పద్మజగారు. "పరుగెత్తినందుకు సిగ్గుపడకండి. మొదటిరోజు నేనైతే లిఫ్టు దాకా పోయాను."

సాయంత్రం ఎల్బీనగర్ నుంచి మళ్ళీ ఎక్స్‌ప్రెస్. ఆదిలాబాద్ రోగికి పంజాగుట్టలో నర్సు, జర్మనీ ముసలమ్మకు యూసుఫ్‌గూడ నర్సు. మా వృత్తికి కొత్తగా కాళ్ళొచ్చాయి, అవి నా కాళ్ళకన్నా జోరుగా పోతున్నాయి. మీలో నడుము పోయిన నర్సమ్మలెవరైనా ఉంటే ఒకసారి ఇటు రండి. కాకపోతే కుర్చీలో కూర్చోవడం ఇంటి దగ్గరే నేర్చుకుని మరీ రండి.

చౌటుప్పల్ దాటాక పక్క సీటులో అమ్మాయి పల్లీల పొట్లం నా ముందు పెట్టి, "ఏం పని చేస్తరక్కా?" అంది.

"నర్సుని," అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ముందు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు.