మా తమ్ముడు చెప్పిన సాక్ష్యం

మా తమ్ముడు మిలిటరీ విమానంలో సరుకులు ఎక్కించి దింపే పనిలో ఉండేవాడు. కొండల్లో, ఇంకో ఐదు నిమిషాల్లో దిగుతారనగా, మబ్బులో దారి కనబడక ఆ విమానం కొండకు కొట్టుకుంది. లోపల ఐదుగురు. తోక వైపు కూర్చున్న మావాడొక్కడే బతికాడు. కాలికి స్టీలు రాడ్డు వేయించుకుని, చంకకర్రలతో బందరు వచ్చాడు.

ఇక చూడండి, మా ఇంట్లో తిరనాళ్ళే! పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ పైలట్లే. గిలకలదిండి నుంచి పీతలు పట్టుకొచ్చిన మావయ్య, "మబ్బు కమ్మినప్పుడు కాస్త పక్కకి తిప్పుకోవాలి కదరా, మేం బోటు తిప్పుకోమూ?" అన్నాడు. పెడన పిన్నయితే "హారన్ కొట్టలేదా నాయనా?" అంది. నేను వంటింట్లోకి పరిగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

మా అమ్మది ఒకటే పట్టు. వాడు ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాలి. జ్వరం తగ్గినా, పరీక్ష పాసైనా, ఆఖరికి బర్రె ఈనినా మా సంఘంలో మైకు పట్టుకుని దేవుడు చేసిన మేలు చెబుతారు. అలాంటిది విమానం కూలితే బతికినవాడు ఊరుకుంటాడా? వాడు ఆసుపత్రిలో ఉండగానే అమ్మ మొక్కుకుంది. పాస్టరు గారికి మాటిచ్చేసింది, సంఘమంతటికీ బిర్యానీ పురమాయించేసింది.

వాడేమో "నేను చెప్పనమ్మా" అన్నాడు. మూడు రోజులు తల్లీకొడుకుల మధ్య మాటల్లేవు. అమ్మ అన్నం మానేసింది. నాకు ఒళ్ళు మండింది. "దేవుడు బతికించాడని ఒక్క ముక్క చెప్పడానికి ఏం రోగంరా నీకు? నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?" అన్నాను. వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

ఆదివారం చర్చిలో మొత్తానికి లేచాడు. అమ్మ మొహం చేటంత అయింది.

"పాస్టరు గారికీ, సంఘానికీ వందనాలండీ. నన్ను బతికించాడని చెప్పమంటున్నారు. మిగతా నలుగుర్నీ ఎందుకు బతికించలేదో నాకు తెలీదండీ. వాళ్ళ గురించి చెప్తాను."

పైలట్టు గారు దిగే ముందు ఎప్పుడూ కూనిరాగం తీసేవారట. పక్క సీటాయన చలికి రెండేసి మేజోళ్ళు తొడిగేవాడట. ఇంకొకాయన మా అమ్మ పంపిన లడ్డూల కోసం వీడి పెట్టె తాళం రెండుసార్లు పగలగొట్టాడట. నాలుగో అతను వీడికి హిందీ నేర్పినవాడు. ఆ రోజు వీడి సీటు బెల్టు పట్టేస్తే లేచొచ్చి సరిచేశాడట.

"తిరిగి వెళ్ళి తన సీట్లో ఇంకా కూర్చోలేదండీ," అని మైకు ఇచ్చేశాడు.

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. నేను బావురుమన్నాను.

బిర్యానీ వడ్డిస్తుంటే అమ్మ లేదు. వెతికితే బయట మెట్ల మీద వాడి పక్కన కూర్చుని ఉంది.

"నీ బెల్టు పెట్టాడే, ఆ అబ్బాయికి తల్లి ఉందా?"

"ఉందమ్మా. పంజాబ్‌లో."

"ఫోను కలుపు."

"నీకు హిందీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఏం మాట్లాడతావమ్మా?"

"కలపరా ముందు."

వాడు హిందీలో తానెవరో చెప్పి, ఫోను అమ్మ చేతికిచ్చాడు. అమ్మ "వదినా" అంది. ఆపైన ఏడుపే. ఆవిడకు ఆ పిలుపు అర్థమై ఉండదు. కానీ ఆవిడా అటునుంచి ఏడుస్తూనే ఉంది, ఫోను మాత్రం పెట్టెయ్యలేదు.