మూత మీద తీగ

చేతులు వణకడం మొదలయ్యాక ఆ వడ్రంగికి ఉలి ముట్టుకోవాలంటేనే భయం వేసేది. ఆ సంగతి భార్య కంట పడకూడదని, పాత ప్రింటర్ల మోటార్లు పోగేసి, కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మిషను సొంతంగా తయారుచేసుకున్నాడు. "ఈ రోజుల్లో చేత్తో చెక్కేదెవరే?" అని ఆమె దగ్గర గొప్పలు కూడా పోయాడు.

ఆమెది కుట్టుపని. పుట్టినరోజుకి ఆమె కత్తెరా దారపు రీళ్లూ పెట్టుకోవడానికి టేకు పెట్టె చేశాడు. మూత మీద కంప్యూటర్లో దొరికే పువ్వులు చెక్కించడానికి మనసొప్పలేదు. తమ పెళ్లి మంచానికి చెక్కిన తీగనే కాగితం మీద మళ్లీ గీసి, ఫోటో తీసి ఎక్కించాడు. గీత కాస్త వంకరపోయినా మిషను సరిచేస్తుందిలే అనుకున్నాడు.

మిషను ఆగింది. పొట్టు ఊది చూశాడు. తీగ పొడవునా వణుకే. చెయ్యి అదిరిన చోటల్లా పొల్లుపోకుండా చెక్కిపెట్టింది.

"నీ దుంపతెగ! దాచిపెట్టమంటే దండోరా వేస్తావా?" అని మిషను మీద విరుచుకుపడ్డాడు. ఇంకో చెక్క లేదు. గరుకు కాగితంతో పిచ్చిపట్టినట్టు రుద్దాడు. అంత లోతు గాడి చెరిగితేగా! ఇంతలో వీధి తలుపు చప్పుడైంది. మూతని పొట్టులోకి తోసేలోపే ఆమె వచ్చి అందుకుంది.

"నాకేనా?" అని మురిసిపోతూ తీగ వెంట వేలు పోనిచ్చింది. సగం దూరంలో వేలు ఆగిపోయింది. మూత పక్కన పెట్టి, అతని రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"ఎప్పట్నించి?" అంది.