చేపలు లేని ఆదివారం

వారంలో ఆరు రోజులు నాన్న పట్టిన చేపలు తోమి తోమి అమ్మ అరచేతి గీతలు అరిగిపోయాయి. అందుకని ఆ వేసవిలో చట్టం చేసింది: ఆదివారం చేప ఊసెత్తకూడదు.

మా దీవిలోని అబర్డీన్ బజార్లో బస్సెక్కి, పులిహోరతో, ఊరంతా కూర్చునేంత దుప్పటితో బీచికి వెళ్లాం. చట్టానికి భయపడి నాన్న సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఒడ్డు దగ్గర నీళ్లు వెండిలా మెరిశాయి. అమ్మ కళ్లు మూసుకుని, ఒక కన్ను తెరిచింది.

“కవళ్ల గుంపు.”

“ఇయాల సెలవు కదేటే,” అన్నాడు నాన్న, తిరగకుండానే.

“సెలవు మనకి, సేపలకి కాదు. లెగు, దుప్పటి ఆ కొస పట్టుకో.”

తిరుగు బస్సులో కండక్టర్ దుప్పటి మూట వైపు చూశాడు. “క్యా హై, దీదీ?”

“తడి బట్టలు, భయ్యా,” అంది అమ్మ.

బట్టలు ఇంకా ఎగురుతున్నాయి.